జపాన్ నీలిమందు

శనివారం పొద్దున మహిమ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఎనిమిదింటికల్లా అత్తగారికి ఇడ్లీ పెట్టెయ్యాలి. తొమ్మిదిన్నరకి పెరట్లో డ్రమ్ము మూత తీయాలి. పదింటికి గుడ్డ ముంచి, మధ్యాహ్నానికి ఆరేసి, సాయంత్రం ఇస్త్రీ చేసి, ఆదివారం చర్చిలో ప్రభు బల్ల మీద పరిచెయ్యాలి. మహిమ బళ్ళో సాంఘికశాస్త్రం చెప్పే టీచరు. ఫోన్లో ఒక జపాన్ ముసలావిడ గుడ్డను మడిచి, దారాలతో బిగించి, నీలిమందులో ముంచి తీసే వీడియోలు నలభై దాకా చూసింది. కట్టిన చోట తెలుపు, కట్టని చోట నీలం. ఆ విద్య పేరు షిబోరి. నలభై వీడియోలు చూసినవాళ్ళకి నలభై ఒకటోది తామే తీయగలమన్న ధైర్యం దానంతటదే వస్తుంది. మహిమకు ఆ ధైర్యం పదో వీడియోకే వచ్చింది.

వాళ్ళ ఇల్లు మార్టూరుకి ఆరు కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లె చివర ఉంది. భర్త ఎలీషా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరు. గుడ్డను మడిచాక రెండు పలకల మధ్య బిగించాలని మహిమ అంటే, యూనిట్లో పడేసిన నల్లరాయి శాంపిల్ ముక్కలు నాలుగు తెచ్చిచ్చాడు. జపాన్ వాళ్ళు చెక్కపలకలు వాడతారు. చీమకుర్తి రాయి ఉండగా చెక్క ఎందుకని మహిమ జపాన్ పద్ధతిని కాస్త సరిదిద్దింది.

బల్లగుడ్డ సంగతి పాస్టరు క్రీస్తుదాసు గారికి ముందే మాటిచ్చేసింది. ఆ ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారంతో పాటు, చర్చి స్త్రీల సమాజం పాతికేళ్ళ పండుగ కూడా. సమాజం పెట్టిన నాటి నుంచి దానికి అధ్యక్షురాలు మహిమ అత్తగారు కొండమ్మ. కొండమ్మ శాసనం ఒక్కటే. నెలకోసారి వచ్చే సంస్కారపు ఆదివారం నాడు సమాజం ఆడవాళ్ళంతా తెల్లచీరే కట్టాలి. తెలుపంటే తెలుపే. కిందటి నెల, పాటల బృందంలో పాడే జాస్మిన్ తెల్లచీరే కట్టుకొచ్చింది గానీ అంచు పొడుగునా సన్నటి నీలం గీత ఉంది. కొండమ్మ గుమ్మం దగ్గరే ఆపి ఇంటికి పంపేసింది. పాపం, జాస్మిన్ చీర మార్చుకొచ్చేసరికి ఆఖరి పాట కూడా అయిపోవచ్చింది.

ఇక కొండమ్మ సొంత తెల్లచీర గురించి చెప్పాలి. చీరాల నేత. సమాజం మొదలైన రోజున కట్టుకోమని ఆవిడ భర్త స్వయంగా చీరాల వెళ్ళి కొనుక్కొచ్చాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. బీరువాలో బైబిలు పక్కన ఉండే ఆ చీరను సంస్కారపు ఆదివారం తప్ప ఆవిడ మరో రోజు కట్టదు, మరొకరి చేత ఉతికించదు.

కోడలు ఇంట్లో రంగులు కలుపుతానన్నప్పుడే కొండమ్మ షరతు పెట్టింది.

"షిబిరమో గిబిరమో నీ ఇష్టం."

"షిబిరం కాదత్తయ్యా, షిబోరి."

"ఏదో ఒకటి. చేసుకో, కాదనను. నా తెల్లచీరకి మాత్రం చుక్క రంగు అంటిందా, అంటించినవాళ్ళు డ్రమ్ముతో సహా పుట్టింటికి పోవాల్సిందే."

"ఎవరంటించినా సరేనా?"

"ఎవరైనా సరే! మాటంటే మాటే."

పక్కనే అన్నం తింటున్న ఎలీషా, తన పుట్టిల్లు ఇదే కాబట్టి తనకేమీ ఢోకా లేదనుకుని ఇంకాస్త పప్పు వడ్డించుకున్నాడు.

ఈ కథలో తప్పెవరిదని అడిగితే మనుషులందరినీ వదిలేసి ఒక మాటను పట్టుకోవాలి. ఆ మాట నీలిమందు. బుధవారం పార్సిల్ వచ్చినప్పుడు కొండమ్మ అడిగింది.

"ఏందమ్మా అది?"

"నీలిమందు అత్తయ్యా."

"కిలో నీలిమందా! ఊరందరి తెల్లబట్టలకీ నువ్వే పెడతావా ఏంది?"

కొండమ్మకు తెలిసిన నీలిమందు ఒక్కటే. తెల్లబట్టలు ఉతికాక ఆఖరి నీళ్ళలో చిటికెడు కలిపితే పసుపుదనం విరిగి మల్లెపువ్వులా వస్తాయే, అది. కోడలికి ఇన్నాళ్ళకు తెల్లబట్ట విలువ తెలిసిందని ఆవిడ సంతోషించింది. ఆ షిబిరం రంగేదో ఇంకా రావాల్సి ఉందనుకుంది. అత్తగారు నవ్వుతూ వెళ్ళడం చూసి, ఆవిడకు షిబోరి నచ్చిందని మహిమ సంతోషించింది. ఒకే మాట మీద ఇద్దరూ చెరో రకంగా సంతోషపడితే అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు.

శుక్రవారం మహిమ నీలిమందు పొడి, సున్నం, బెల్లం డ్రమ్ములో కలిపి మూత బిగించింది.

"ఆ డ్రమ్ము మూత తీయకండి అత్తయ్యా. గాలి తగిలితే చెడిపోద్ది."

"ఏముంది అందులో?"

"నీలిమందే."

"మంచిది," అంది కొండమ్మ, తన చీర పని తేలికయిందనుకుంటూ.

శనివారం ఎనిమిదిన్నరకి మహిమ పెరట్లో అరుగు మీద కూర్చుని, మడిచిన బల్లగుడ్డను రాతిపలకల మధ్య పెట్టి, పొగాకు తోరణాలు కట్టే పురికొసతో బిగిస్తూ, స్పీకర్ పెట్టి జాస్మిన్‌తో మాట్లాడుతోంది.

"మందు బ్రహ్మాండంగా లేచింది జాస్మిన్! పది లీటర్లకి వంద గ్రాములు. సున్నం, బెల్లం కూడా పడాలి. జపాన్ వాళ్ళ పద్ధతి. రెండు నిమిషాల్లో రిజల్ట్ తెలిసిపోద్ది."

పెరటి గోడకు అవతల చెంచురామయ్య పత్తిచేను. ఆయన అప్పుడే గట్టు మీద నిలబడి ఆకులు తిరగేసి చూసుకుంటున్నాడు. ప్రతి ఆకు కిందా తెల్లదోమ. ఇప్పటికి అయిదు రకాల మందులు కొట్టాడు. దోమ ఆ అయిదింటినీ భోజనంలో ఊరగాయలా నంజుకుంది. అలాంటి మనిషికి 'పది లీటర్లకి వంద గ్రాములు' అన్న మాట వినపడితే వేరే అర్థం ఎందుకు తడుతుంది? గోడ మీదుగా తల ఎత్తాడు.

"ఏం టీచరమ్మా, జపాన్ మందా?"

"పద్ధతి జపాన్‌ది బాబాయ్ గారూ. మందు మనదే."

"బెల్లం కూడా కలిపావంటగా?"

"బెల్లం పడకపోతే మందు లేవదు."

"అంటే ఆర్గానిక్ అన్నమాట. నల్లదాని మీద పనిచేసుద్దా?"

ఆయన అడిగింది పక్క మిరపచేలో ఉన్న నల్ల తామర పురుగు గురించి. మహిమ చెప్పింది గుడ్డ గురించి.

"నల్లదాని మీద ఎంత పెట్టినా దండగే. తెల్లదాని మీదైతేనా, చూసుకోండి! ఒక్క దెబ్బకి తెలుపనేది కనపడదు."

"తెలుపనేది కనపడదా!"

"కట్టు కింద దాగినచోట తప్ప."

"దాగినవాటికి రెండో దఫా కొడదాంలేమ్మా," అంటూ చెంచురామయ్య గట్టు దిగాడు. అరవయ్యేళ్ళ మనిషి అంత జోరుగా నడవడం ఆ చేను ఎన్నడూ చూడలేదు.

ఆయన ముందు పక్క చేను కోటేష్‌కి చెప్పాడు. కోటేష్ పత్తి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 'టీచరమ్మ దగ్గర తెల్లదోమకి జపాన్ ఆర్గానిక్ మందు. రెండు నిమిషాల్లో రిజల్ట్. క్యాన్లు తెచ్చుకోండి.' అక్కడి నుంచి ఆ కబురు చేతులు మారిన కొద్దీ బలిసింది. పది నిమిషాల్లో మహిమకు జపాన్‌లో ట్రైనింగ్ అయింది. పావుగంటకి జపాన్ కంపెనీ ఈ ఊరిని ఎంపిక చేసింది. సరిగ్గా తొమ్మిదిన్నరకి, మహిమ రాతిపలకల మూట చేత్తో పట్టుకుని డ్రమ్ము దగ్గరకు నడుస్తుండగా, వీధిగుమ్మం ముందు పద్నాలుగు మంది మగవాళ్ళు, పద్నాలుగు క్యాన్లు, నాలుగు స్ప్రేయర్లు నిలబడ్డాయి. అందులో ఇద్దరు మార్టూరు నుంచి బైకు మీద వచ్చినవాళ్ళు.

మహిమ మూట అరుగు మీద పెట్టి వెళ్ళింది.

"టీచరమ్మా, మందు మాక్కూడా కాస్త పొయ్యాలి," అన్నాడు కోటేష్.

"ఏం మందు?"

"అదే, నీలిమందు."

"అది గుడ్డలకి అన్నయ్యా!"

"గుడ్డలకి ఎట్టా కొడతారమ్మా?" అన్నాడు మార్టూరు మనిషి. "మాకు చెప్పకూడదని కంపెనీ వాళ్ళు సంతకం పెట్టించుకున్నారా?"

"కంపెనీ ఏంటి? ఇది రంగు. రంగండీ!"

"మందుకి రంగుండదా ఏంది? మొన్న నేను కొట్టింది ఎర్రగా లేదూ?" అన్నాడు వెనక నుంచి ఒకాయన. అందరూ అవునన్నారు.

మహిమ బళ్ళో అరవై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలదు. కానీ తెల్లదోమతో మూడు నెలలు వేగిన పద్నాలుగు మంది రైతుల్ని కూర్చోబెట్టడం వేరే సబ్జెక్టు. ఆమె 'రంగు' అన్న కొద్దీ వాళ్ళు దాన్ని రహస్యం అనుకున్నారు. దాచిపెడుతోందంటే మందు గట్టిదే అనుకున్నారు.

సరిగ్గా ఆ గొడవలోనే, పెరట్లో కొండమ్మ చీర ఉతకడం ముగించింది. ఆవిడ చీర పిండితే చూడాల్సిందే. నిలువుగా మడిచి, తాడులా మెలేసి, మధ్య మధ్య గట్టిగా నాలుగు ముళ్ళు బిగిస్తుంది. చుక్క నీరు మిగలదు. పిండిన చీర చేతిలో పట్టుకుని కేకేసింది.

"ఏమే మహిమా! నీలిమందు ఇంకా డ్రమ్ములోనే ఉందా?"

వీధిలో మహిమకు అది సగమే వినపడింది. ఎవడో పెరటి గోడ దూకి అత్తగారిని మందు అడుగుతున్నాడనుకుంది.

"డ్రమ్ములో అత్తయ్యా! మూత ఎవర్నీ తీయనివ్వకండి!"

కొండమ్మ ఎవర్నీ తీయనివ్వలేదు. తనే తీసింది. పైన నీలం నురగ తేలుతోంది. నీలిమందే. కాస్త చిక్కగా కలిపిందనుకుంది, ఈ కాలం పిల్లలకి పొదుపు తెలియదనుకుంది. డ్రమ్ము మూతి ఇరుకుగా ఉండటంతో మెలి విప్పకుండానే చీరను దించి, బాగా అందాలని మోచేతుల దాకా ముంచి నొక్కి, మనసులో ఒక కీర్తన పాడుకుని, ఆ కీర్తన అయ్యాక పైకి తీసింది.

చీర ఆకుపచ్చగా ఉంది.

కొండమ్మ వేసిన కేక ఊళ్ళో సగానికి వినపడింది. పద్నాలుగు మంది క్యాన్లతో సహా పెరట్లోకి పరిగెత్తారు. వాళ్ళ ముందు మహిమ. అందరూ చూస్తుండగా ఆకుపచ్చ చీర గాలికి నెమ్మదిగా ముదిరి, అంచుల నుంచి మొదలుపెట్టి, నిండు నీలంగా మారిపోయింది. నీలిమందు గుణమే అంత. నీళ్ళలో పచ్చగా ఉంటుంది, గాలి తగిలితే నీలమవుతుంది. మహిమ ఆ విషయం నలభైసార్లు చూసింది. తక్కినవాళ్ళు మొదటిసారి చూశారు.

"చూశార్రా!" అన్నాడు చెంచురామయ్య. "రెండు నిమిషాలంది. రెండు నిమిషాలే!"

"తెలుపనేది కనపడ్డం లేదు మావా!" అన్నాడు కోటేష్.

ఇక ఆపడం ఎవరి తరం? క్యాన్లు ముందుకొచ్చాయి. చెంబులు, మగ్గులు, ఒకడైతే కొండమ్మ గారి ఇడ్లీ గిన్నె కూడా పట్టుకొచ్చాడు. అయిదు నిమిషాల్లో డ్రమ్ము అడుగున కాస్త సున్నపు మడ్డి తప్ప ఏమీ మిగల్లేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే, టీచరమ్మ చల్లగా ఉండాలని దీవించి చేల మీదికి వెళ్ళిపోయారు. "కొట్టకండి! పత్తి పాడవుద్ది!" అని మహిమ వీధి చివరిదాకా వెంటపడి అరిచింది. బళ్ళు స్టార్ట్ చేసిన మోతలో అది కృతజ్ఞతకి జవాబులా వినపడి ఉంటుంది, అందరూ చేతులూపారు.

తిరిగొచ్చేసరికి కొండమ్మ బట్టలుతికే బండ మీద కూర్చుని ఉంది. మోచేతుల దాకా నీలం. ఒళ్ళో చీర. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే మహిమకు బాగుండేది.

"మీ మావయ్య రెండు బస్సులు మారి తెచ్చాడే," అంది. "రేపు ఇదే కట్టుకుని నిలబడాలనుకున్నా."

ఈ ఇంటికొచ్చిన పదేళ్ళలో అత్తగారి కళ్ళలో నీళ్ళు చూడటం ఇది రెండోసారి. మొదటిసారి మామగారి సమాధి దగ్గర. తన తెలివితేటల మీద తనకే అసహ్యం వేసింది. మెల్లగా చీర తీసుకుని, ముళ్ళు విప్పి, కుళాయి కింద కడిగింది. మెలి విడిపోతూ విడిపోతూ చీర పరుచుకుంది. మహిమ చేతులు ఆగిపోయాయి.

నిండు నీలం మధ్య, మెలి లోపల దాగిన చోటల్లా, సన్నటి తెల్లని తీగలు. తొలివాన నీళ్ళు చేలో సాళ్ళ వెంట పారినట్టు అంచు నుంచి అంచుకు జారుతున్నాయి. ముడి వేసిన నాలుగు చోట్లా నాలుగు తెల్లని పూలు విచ్చుకున్నాయి. నలభై వీడియోల్లో ఆ జపాన్ ముసలావిడ కూడా ఇంత అందంగా తీయలేదు. మహిమకు అంత బాధలోనూ కాస్త కుళ్ళు పుట్టిందన్నది నిజం.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ఎలీషా, తీగ మీద చీర చూసి, "ఎవరు ముంచారు?" అన్నాడు. తల్లి చేతుల వంక చూశాడు. కోడలి మీద పెట్టిన షరతు ఎటు తిరిగిందో అర్థమై, ఆ పూట పప్పు అడక్కుండానే లేచాడు. కొండమ్మ పుట్టిల్లు దర్శిలో ఉంది. అక్కడ తమ్ముడు మార్క్ భార్య హనుమాయమ్మతో ఆవిడకు పదకొండేళ్ళుగా మాటల్లేవు.

సాయంత్రం చెంచురామయ్య మళ్ళీ గోడ దగ్గర నిలబడ్డాడు.

"దోమ ఏమైంది బాబాయ్ గారూ?"

"తెల్లదోమ ఒక్కటి కూడా లేదమ్మా."

"నిజంగానా!"

"అన్నీ నీలం దోమలే. హాయిగా తిరుగుతున్నయ్. పగిలిన కాయల్లో పత్తి కూడా నీలమే."

"అయ్యో! ఎంత చేను పాడయింది?"

"ఒక్క సాలే కొట్టాలే."

తక్కిన పదమూడు మందీ అంతే. రైతు ఎవరి మాటా పూర్తిగా నమ్మడు. ఒక సాలు మట్టుకు నమ్ముతాడు. మహిమ అసలు సంగతి చెబితే ఆయన ఆసాంతం విని, కాసేపు నవ్వి, "మరి నీ గుడ్డ సంగతేంది?" అన్నాడు. అప్పటిదాకా మహిమకు గుడ్డ గుర్తేలేదు. బల్లగుడ్డ రాతిపలకల మధ్య ముంచినవాడు లేక తెల్లగా, మడతలు మడతలుగా అలాగే ఉంది.

ఆదివారం పొద్దున కొండమ్మకు ఎలీషా బీరువాలోంచి ఇంకో తెల్లచీర తీసిచ్చాడు. ఆవిడ దాన్ని మంచం మీద పెట్టేసింది. నీలం చీర చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, అది కట్టుకుంటే అందరూ..." అన్నాడు ఎలీషా.

"పాతికేళ్ళనాడు ఆయన కట్టుకోమన్నది ఈ చీర. రంగు మారితే ఆయన కొన్నది కాకుండా పోద్దా?" అంది కొండమ్మ. కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "ఏమే, పిన్ను పెట్టు," అంది కోడలితో. మహిమ పిన్ను పెడుతూ కళ్ళు తుడుచుకుంది.

మొదటి గంట కొట్టారు. చర్చిలో ఎడమవైపు నలభై మంది ఆడవాళ్ళు, నలభై తెల్లచీరలు. మధ్య దారి వెంట కొండమ్మ నీలం చీరలో, నీలం చేతులతో, తల ఎత్తి నడిచి వచ్చి ముందు వరసలో తన చోట నిలబడింది. పాస్టరు క్రీస్తుదాసు గారు బల్ల వంక చూశారు. నీలం కావాల్సిన గుడ్డ తెల్లగా ఉంది. అధ్యక్షురాలి వంక చూశారు. తెల్లగా ఉండాల్సిన మనిషి నీలంగా ఉంది.

"అమ్మగారూ, ఇది..." అన్నారు మెల్లగా.

"నీలిమందు పెట్టానండి అయ్యగారూ," అంది కొండమ్మ. "కాస్త ఎక్కువైంది."

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళెవరూ ఇంటికి కదల్లేదు. కొంగు పట్టుకు చూసేవాళ్ళు కొందరు, తీగలు వేలితో తడిమేవాళ్ళు కొందరు. ఇది ఎక్కడ నేయించారు, ఎవరు నేర్పారు అని ఒకటే ప్రశ్నలు.

"నేర్పేదేముంది?" అంది కొండమ్మ. "మెలి గట్టిగా పడాలి. ముడి నాలుగు చోట్లే వేయాలి. ముంచాక ఒక కీర్తన పాడేంతసేపు ఉంచాలి. చిన్న కీర్తన కాదు, అయిదు చరణాలది. ఈ జపాన్ పద్ధతి అందరికీ రాదులే, హస్తవాసి ఉండాలి."

నలభై వీడియోలు చూసిన మహిమ పక్కనే నిలబడి అత్తగారి పాటల పుస్తకం మోసింది.

సోమవారం కొండమ్మ సంచి సర్దుకుంది. మాటంటే మాటే కదా. ఎలీషా వద్దన్నా వినకుండా ఆటోలో డ్రమ్ము ఎక్కించుకుని, మహిమ దగ్గర మిగిలిన నీలిమందు పొట్లం తీసుకుని, దర్శి వెళ్ళింది. తమ్ముడి ఇంటి ముందు డ్రమ్ము దింపుతుంటే హనుమాయమ్మ పదకొండేళ్ళ పంతం మర్చిపోయి, "అదేంది వదినా?" అని అడిగేసింది. అడిగాక వెనక్కి తీసుకోవడానికి కుదరదు. గురువారం కొండమ్మ తిరిగొచ్చేటప్పుడు, బస్టాండుకి హనుమాయమ్మ స్వయంగా వచ్చి డ్రమ్ముకి ఒక పక్క చెయ్యేసింది. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నీలమే.

తర్వాత నెల్లాళ్ళూ ఆ పెరట్లో నీలిమందు ఎండలేదు. మహిమ మందు కలిపేది, కొండమ్మ మెలి తిప్పేది, సమాజం ఆడవాళ్ళు వరసగా తమ తెల్లచీరలు తెచ్చుకునేవాళ్ళు. ఊళ్ళో లేనిది జాస్మిన్ ఒక్కతే. పండుగకు ముందే నెల్లాళ్ళ డ్యూటీ మీద గుంటూరు వెళ్ళిన ఆమె, శనివారం బస్సు దిగి, కిందటిసారి అవమానం గుర్తుంచుకుని, అంచులో గీత కూడా లేని కొత్త చీర కొనుక్కుంది.

మరుసటి సంస్కారపు ఆదివారం నాడు జాస్మిన్ పాలనురగలాంటి తెల్లచీర కట్టుకుని, అందరికంటే ముందు చర్చికొచ్చింది. కొండమ్మ గుమ్మం దగ్గరే ఆపి ఇంటికి పంపేసింది.